గునుగు కోసం దేవరకొండ నుంచి పిల్లలమర్రి దాకా

సెప్టెంబరు 18, మాల్ దాటాక

హైదరాబాద్ నుంచి ఇబ్రహీంపట్నం పోయేదాకా రోడ్డుకు రెండువైపులా ప్లాట్ల హద్దురాళ్లే. యాచారం వదిలి మాల్ అనే ఊరు దాటాకగానీ తంగేడు కనిపించలేదు. కనిపించాక మాత్రం వదల్లేదు. కాలువ గట్టు మీద, మొరం తవ్విన గుంతల అంచున, బడి వెనక పడావు నేలలో, ఎక్కడ నాగలి తగలదో అక్కడల్లా పసుపే.

బతుకమ్మ మొదలయ్యే అమావాస్య ఆదివారం పడింది. ఆ సాయంత్రానికి జడ్చర్ల దగ్గర పెద్దమ్మ వాళ్ల ఊరు చేరాలి. నేరుగా పోతే రెండు గంటల దారి. మేం నల్లగొండ జిల్లా మీదుగా, నల్లమల అంచు చుట్టి పోదామనుకున్నాం. కారణం చిన్నమ్మ. పట్నంలో ప్రతి ఏడూ బతుకమ్మకు గునుగు పూల కట్ట కొనేటప్పుడల్లా ఆమెకు ఒకటే కోపం, "చేన్ల గడ్డిని పైసలిచ్చి కొనవడితిమి" అని. ఈసారి గునుగును చేనులో నిలబడి ఉండగా చూడాలన్నది. కారు తోలింది ఆమె కొడుకు, నాకు తమ్ముడు. వాడికి పూల గోల లేదు, నల్లమల ఘాట్ రోడ్డు కోసం వచ్చాడు.

తంగేడును 2014లో రాష్ట్ర పుష్పంగా ప్రకటించారు. ఎవరూ నాటకున్నా తనంతట తనే మొలుస్తుంది. మేకలు మూతి పెట్టవు, ఎండకు చావదు, కొట్టేస్తే మళ్లీ చిగురిస్తుంది. చిన్నమ్మ దగ్గర దీని కథలు చాలా ఉన్నాయి. చెయ్యి విరిగితే తంగేడాకు నూరి, కోడిగుడ్డు తెల్లసొనతో కలిపి కట్టు కట్టేవాళ్లట. మామిడికాయలు మాగేయడానికి కింద పరిచేది ఈ ఆకే. తోళ్లు పదును చేసేవాళ్లు బెరడు కోసం వచ్చేవాళ్లు. కారు ఆపించి ఆమె నాలుగు కొమ్మలు విరిచింది. "ఇప్పుడెందుకమ్మా, ఆదివారం దాకా ఉంటయా?" అన్నాడు తమ్ముడు. మధ్యాహ్నానికే వాడిపోయాయి. ఆమె పారేయలేదు.

కొండమల్లేపల్లి దాటాక ఫోన్ ఒక అడ్డదారి చూపించింది. సిమెంటు రోడ్డు ఒక తండా దాకా తీసుకుపోయి అక్కడే అయిపోయింది. ముందుకు ఎడ్లబండి బాట, అటూ ఇటూ పత్తి. కారు తిప్పుకోవడానికి జాగా లేక తమ్ముడు అవస్థ పడుతుంటే ఒక ఇంటి ముందు నుంచి పెద్దామె లేచి వచ్చింది. ఎవరింటికి అని అడిగింది. ఎవరింటికీ కాదు, గునుగు పూల కోసం అని చిన్నమ్మ చెప్పేసరికి ఆమెకు నవ్వాగలేదు.

"పత్తిల యాడుంటదమ్మా? గడ్డిమందు కొడితే మొదలు సచ్చేది గదే. మా కందిచేన్ల ఉన్నది. పోయి కోసుకోండ్రి, మాకూ కలుపు తీసినట్టయితది."

చేను రెండు ఫర్లాంగుల దూరం. కంది, నడుమ జొన్న సాళ్లు. కంది కంటే జానెడు ఎత్తున గునుగు కంకులు, మొదట్లో తెలుపు, కొసకు పోయేకొద్దీ గులాబీ. గాలి వస్తే చేనంతా ఒకవైపు వంగి లేస్తోంది. పక్క పత్తిచేనులో ఒక్క కంకి లేదు. రెండింటికీ మధ్య ఉన్నది మూరెడు గట్టు. ఒకే ఎర్రనేల, ఒకే వాన. మందు కొట్టిన చేను, కొట్టని చేను, తేడా అంతే. ఆ గట్టు మీద నిలబడితే పట్నంలో కట్ట ధర ఎందుకు పెరుగుతోందో ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు.

రైతు వైపు నుంచి చూస్తే గునుగు కలుపే. ఒక్కో కంకిలో ఆవగింజ కన్నా చిన్నవి, నల్లగా మెరిసే గింజలు లెక్కలేనన్ని రాలతాయి. ఒక ఏడు వదిలేస్తే మరుసటి ఏడు చేను దానిదే. కూలీలు దొరకనప్పుడు మందు కొట్టేవాణ్ని తప్పు పట్టే ధైర్యం నాకు లేదు. చిన్నమ్మకుంది. "తొలకర్ల లేత గునుగాకు కూరొండుకునేటోళ్లం, దొగ్గలికూర తెంపుకునేటోళ్లం. కలుపు తీసినోళ్లకు పూటకింత కూర ఎల్లేది" అని పెద్దామెతో వాదన పెట్టుకుంది. ఆమె కూడా అదే వయసు మనిషి, ఒప్పుకుంది. కాని చేను తన కొడుకుదట, నిర్ణయాలు వాడివట.

నీళ్లు తాగకుండా పోనియ్యలేదు. నీళ్లతో పాటు జొన్నరొట్టె, ఎల్లిగడ్డ కారం వచ్చాయి. రొట్టె మందంగా, కొంచెం మాడి, పొయ్యి వాసనతో ఉంది. డబ్బు ఇవ్వబోతే మొహం తిప్పుకుంది. చిన్నమ్మ సంచిలోంచి రవికె గుడ్డ తీసి బొట్టు పెట్టి ఇచ్చాక సరేనంది. గునుగు రెండు మోపులు డిక్కీలో పడ్డాయి. ఇది తంగేడులా వాడదు. కాగితంలా పొడిబారిన పువ్వు, రోజుల తరబడి అట్లాగే ఉంటుంది.

దేవరకొండ ఖిల్లా

ఏడు కొండల నడుమ కట్టిన ఖిల్లా ఇది, రేచర్ల పద్మనాయకులది. గోడలు ఇంకా ఠీవిగా ఉన్నాయి. లోపలంతా సీతాఫలం చెట్లదే రాజ్యం. చరిత్ర కోసం వచ్చేవాళ్లకు చదువుకునే బోర్డులు తక్కువ. మొక్కల కోసం వచ్చేవాళ్లకు మాత్రం పండగ. వానలు వెనకబట్టిన ఈ పదిహేను ఇరవై రోజులే బండరాయి పచ్చగా ఉండేది, దసరా దాటితే మళ్లీ బోడి.

బండల మీద గుంతల్లో వేలెడు మట్టి పేరుకుంటుంది. ఆ వేలెడు మట్టిలోనే ఒక లోకం. అరచేతి మందాన గడ్డి, దాని మధ్య విష్ణుక్రాంత, శనగగింజంత నీలిపువ్వు. ఎండ ముదిరితే ముడుచుకుంటుంది కాబట్టి మధ్యాహ్నం వెళ్లిన మాకు సగమే దొరికాయి. మెట్ల పక్కన పల్లేరు పసుపు పూలు, చెప్పుల్లో గుచ్చుకునే దాని కాయలు. వెంపలి ఊదాపూలు. ఉత్తరేణి చీరంచుకు అంటుకుని ఖిల్లా అంతా మాతో తిరిగింది.

పై బురుజు దగ్గర, రాతి పగుల్లో కుందేటి కొమ్ములు. ఆకు అనేదే ఉండదు. పలకలుగా ఉండే ఆకుపచ్చ కాడలు నిటారుగా లేస్తాయి, కాడ కొసల్లో ముదురు ఊదా చారల చిన్న పూలు. ముక్కు దగ్గర పెట్టుకుంటే మాత్రం మురికి వాసన. ఈగలు వాలడానికే ఆ వాసన, పరాగాన్ని మోసేవి అవే. జీవాలు కాసేవాళ్లు ఈ కాడలు విరుచుకుని నమిలేవాళ్లు, ఆకలీ దప్పీ రెండూ ఆగుతాయని. చిన్నమ్మ పచ్చడి కూడా చేసేదట. తమ్ముడు ఒక ముక్క కొరికి, పులుపా చేదా తేల్చుకోలేక ఉమ్మేశాడు. ఇప్పుడు బరువు తగ్గడానికని దీన్ని గోలీలుగా చేసి అమ్ముతున్నారు. అందుకోసమే పెరికేవాళ్లు ఖిల్లాల దాకా వస్తే ఈ పగుళ్లలో మిగలదు.

సాయంత్రం బస్టాండు ఎదురుగా మిర్చీబజ్జీ, ప్లేటు ముప్పై. ఉల్లిగడ్డ తరుగు అడగకుండానే వేశారు.

సెప్టెంబరు 19, డిండి, ఉమామహేశ్వరం

డిండి కట్ట మీద ఎక్కువ సేపు ఆగలేదు. నీటి అంచున నల్లతుమ్మలు మోకాలి లోతు నీళ్లలో నిలబడి ఉన్నాయి. వాటి వెనక మిగతా జాగా అంతా సర్కారు తుమ్మ. ఉడకబెట్టిన పల్లీలు పొట్లం ఇరవై, గింజ లావుగా ఉంది. అదే పొద్దున టిఫిను.

హాజీపూర్ చౌరస్తా దాటి రంగాపూర్ దగ్గర కొండ వైపు తిరిగితే ఉమామహేశ్వరం. శ్రీశైలానికి ఉత్తర ద్వారం అంటారు. కొండ అంచు గుహలా లోపలికి పోయిన చోట గుడి, తల మీద రాతి పైకప్పు, దాని నుంచి ఎండాకాలంలో కూడా ఆగని నీటి ఊట. పాపనాశనం దగ్గర చిన్నమ్మ నీళ్లు నెత్తిన చల్లుకుంటుంటే కోతి ఆమె సంచి లాగింది. లోపల తంగేడు కొమ్మలే. వాసన చూసి విసిరి కొట్టింది. మేకలే కాదు, కోతులూ ముట్టవని తేలింది.

ఇక్కడి నుంచి మొక్కల వరస మారుతుంది. చెల్క, బండ అయిపోయి అడవి. ఘాటు పొడుగునా టేకు పూత, పెద్ద పెద్ద తెల్లటి గుత్తులు, చెట్టు కొసన. బతుకమ్మలో టేకుపూలు కూడా పేరుస్తారు గాని తెంపడానికి చెట్టెక్కేవాళ్లు కావాలి. దాని కింద పొదల్లో నులితడ. దీని పువ్వు పొద్దున ఎర్రగా ఉండి, ముదిరేకొద్దీ సీసం రంగుకు తిరుగుతుంది. ఒకే కొమ్మ మీద రెండు రంగులూ కనిపిస్తాయి. కాయ పురితాడు పేనినట్టు మెలితిరిగి ఉంటుంది. పసిపిల్లల కడుపునొప్పికి ఈ కాయ అరగదీసి పోసే అలవాటు ఇక్కడ ముసలమ్మలకు ఇంకా ఉంది.

మెట్ల మొదట్లో ఒక తాత గోనెసంచి పరుచుకుని సుగంధిపాల వేళ్లు, కరక్కాయలు, తిప్పతీగ ముక్కలు అమ్ముతున్నాడు. సుగంధిపాల కట్ట యాభై. చిన్నమ్మ వేరు విరిచి వాసన చూసింది, నలభైకి అడిగింది. తాత ధర తగ్గించలేదు, ఇంకో రెండు వేళ్లు కలిపాడు. ఆయన కూర్చున్న చోటికి వెనకాల కంచె మీద పాకిన తీగను చూపించి ఇదేంటి తాతా అన్నాను.

"నాభి. ముట్టుకోకు బిడ్డా. గడ్డ తింటే మనిషి దక్కడు."

అడవినాభి అంత అందంగా పూసే పువ్వు ఈ దారిలో ఇంకోటి చూడలేదు. రేకులు ఆరు, అంచులు ముడతలుగా, వెనక్కి విరుచుకుని మంటలా లేచి ఉంటాయి. పూసిన రోజు కింద పసుపు, పైన ఎరుపు, తర్వాత మొత్తం ఎరుపు. ఆకు కొసే తీగలా చుట్టుకుని పట్టు వెతుక్కుంటుంది. తమిళనాడుకు ఇదే రాష్ట్ర పుష్పం. తాత చెప్పిన విషమే మందు కూడా. గౌట్ కీళ్లనొప్పులకు వాడే కోల్చిసిన్ ఈ మొక్కలోనూ ఉంది. మోతాదు తెలియనివాడికి మాత్రం తాత మాటే మాట. పువ్వు అందమే గాని దీన్ని బతుకమ్మలో పెట్టగా నేను చూడలేదు. ఆ సాయంత్రం చిన్నమ్మ నోట దాని ఊసే రాలేదు, తాత బేరంలో ఓడిపోయిన సంగతే చెప్పుకుంది.

సెప్టెంబరు 20, మన్ననూరు నుంచి మల్లెల తీర్థం

మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర రుసుము కట్టి, ప్లాస్టిక్ పారేయొద్దని చెప్పించుకుని లోపలికి వెళ్లాం. రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా ఈ గేటు మూస్తారు. అమ్రాబాద్ పులుల అభయారణ్యం విస్తీర్ణం 2,611 చదరపు కిలోమీటర్లు, నాగర్‌కర్నూల్, నల్లగొండ జిల్లాల్లో పరుచుకుని ఉంది. వానాకాలం మూడు నెలలు సఫారీ బంద్, ఫర్హాబాద్ వైపు పోనివ్వరు. పులి కోసం వచ్చేవాళ్లకు సెప్టెంబరు పనికిరాని నెల. మాకు అదే మంచిదైంది. పులి మీద ధ్యాస ఉన్నవాడు కాళ్ల కింద చూడడు.

మొట్టమొదట చెప్పేసుకున్న మాట, ఇక్కడ ఒక్క పువ్వూ తెంపకూడదని. అభయారణ్యంలో అది నేరం. చిన్నమ్మ రెండు చేతులూ కొంగులో చుట్టుకుని నడిచింది.

మాతో వచ్చిన చెంచు కుర్రాడు మన్ననూరు వాడే, డిగ్రీ చదువుతున్నాడు. అతని తాతలది అడవి లోపలి పెంట, అంటే చెంచుల గూడెం. రోడ్డు పక్కనే చెట్టు చెట్టుకూ ఆగి చెప్పాడు. పలకలు పలకలుగా పగిలిన నల్లటి బెరడు నల్లమద్దిది. ఎండాకాలంలో దాని మానులో నీళ్లుంటాయి, గాటు పెడితే కారతాయి. గాటు పెడితే ఎర్రటి రసం కారేది ఏగిస. తెల్లగా, కాగితం పొరల్లా బెరడు లేచే చెట్టు తపసి, దీని బంకకు మంచి ధర. ఆశ కొద్దీ ఎక్కువ గాట్లు పెడితే చెట్టు రెండు మూడేళ్లలో ఎండిపోతుందట. "మా నాయిన చిన్న గాటు పెట్టి ఇడుస్తడు. బయటోళ్లు వచ్చి గొడ్డలితోనే చెక్కుతరు" అన్నాడు. గడ్డలు తవ్వేటప్పుడూ అంతే, తీగ మొదలును కొంత గడ్డతో మళ్లీ మట్టిలో పెట్టి వస్తారు. వచ్చే ఏడు తిండి అక్కడే ఉంటుంది.

2019లో యురేనియం వద్దని లేచిన ఊళ్లు ఇవే. ఆ సెప్టెంబరులోనే తవ్వకాలకు అనుమతి ఇవ్వొద్దని అసెంబ్లీ తీర్మానం చేసింది. కుర్రాడు అప్పుడు బడిలో ఉన్నాడట, ధర్నాలో కూర్చున్నాడట. ఆ మాట చెప్పేటప్పుడు మాత్రం గొంతు పెరిగింది.

చూసి నచ్చనిది కూడా చెప్పాలి. రోడ్డు నుంచి లోపలికి కనుచూపు మేర, నడుమెత్తున, తులసి వాసన వచ్చే ఒకే మొక్క. సీమతులసి. అమెరికా ఖండం నుంచి వచ్చింది. జింక తినదు, దుప్పి తినదు. ఇది మొలిచిన చోట గడ్డి రాదు, గడ్డి లేని చోట జింక నిలవదు. లంటానాదీ అదే కథ, వయ్యారిభామదీ అదే. పచ్చగా ఉంది కదా అడవి బాగుంది అనుకుని పోయే కార్లు మా పక్కనుంచి చాలా పోయాయి. కుర్రాడు ఒక మొక్క పీకి చూపించాడు, వేరు సులువుగానే వస్తుంది. ఎన్ని అని పీకాలి?

వటవర్లపల్లి నుంచి మల్లెల తీర్థం జలపాతానికి ఏడెనిమిది కిలోమీటర్ల లోపలి బాట. ఆపైన మూడొందలకు పైగా మెట్లు దిగాలి. చిన్నమ్మ దిగనంది. పైనే చెట్టు కింద కూర్చుని టికెట్లు ఇచ్చే ఆమెతో మాటల్లో పడింది. మేం దిగాం. నీళ్లు నిండుగా దూకుతున్నాయి, మాట వినపడదు. రాళ్ల తడిలో వెన్నదేవి నీలిపూలు ఇంకా ముడుచుకోలేదు. మామూలుగా మధ్యాహ్నానికల్లా మూతపడతాయి. నీడా తడీ ఉన్న చోట కాస్త ఆలస్యం చేస్తాయి కాబోలు. సెల్ఫీల కోసం వచ్చినవాళ్లు వాటి మీదనే నిలబడి ఉన్నారు. తప్పుకోమని చెప్పబోయి ఊరుకున్నాను. చుట్టూ మొక్క లేని రాయి లేదు, పాపం వాళ్లెక్కడ నిలబడాలి?

పైకి ఎక్కి వచ్చేసరికి చిన్నమ్మ దగ్గర మేము వెతకని సమాచారమంతా ఉంది. టికెట్లామె కూతురు కాన్పు, ఇప్పపూలు ఈ ఏడు బాగా రాలిన సంగతి, తేనె ఎక్కడ కొంటే కల్తీ ఉండదో. వటవర్లపల్లిలో రేకుల హోటల్లో భోజనం తొంభై. పప్పు, గోంగూర, పలుచటి చారు. ఆకలి మీద మూడుసార్లు వడ్డించుకున్నాం, అయినా డబ్బులు ఎక్కువ తీసుకోలేదు.

సెప్టెంబరు 21, మహబూబ్‌నగర్

అచ్చంపేట, నాగర్‌కర్నూల్ మీదుగా పొద్దున పదకొండుకు మహబూబ్‌నగర్. మార్కెట్టు పూలతో కిక్కిరిసి ఉంది. గునుగు చిన్న కట్ట ముప్పై, రంగు అద్దినదైతే యాభై. తంగేడు కట్ట నలభై. బంతి కిలో వంద దాటింది. తంగేడు అమ్ముతున్న ఆమెను ఎక్కడిదమ్మా అంటే గుట్టల పొంటి కోసుకొచ్చినం, రాత్రి రెండింటికి లేసినం అంది. చిన్నమ్మ ఈసారి బేరమాడలేదు. అడిగినంత ఇచ్చింది.

బుట్టల్లో ముందు వరసన మెరిసే బంతి మెక్సికో నుంచి వచ్చింది. గుమ్మడి అమెరికాలదే. పక్క బండి మీది సీతాఫలమూ అక్కడిదే. వీటిని ఇప్పుడు ఎవరైనా పరాయివంటే కొడతారు. సీమతులసికీ బంతికీ తేడా పుట్టిన ఊరులో లేదు. బంతి మనం పెడితేనే ఉంటుంది, సీమతులసి ఇంకొకర్ని ఉండనివ్వదు.

పిల్లలమర్రి అనే మర్రిచెట్టు ఊరికి నాలుగు కిలోమీటర్లు. ఏడు వందల ఏళ్ల చెట్టని చెబుతారు. మూడెకరాలు పాకింది, మొదలు ఏదో ఊడ ఏదో పోల్చలేం. 2017 డిసెంబరులో పెద్ద కొమ్మ విరిగిపడ్డాక లోపలికి మనుషుల్ని ఆపేశారు. చెదలు తినేస్తున్నాయని 2018లో సెలైన్ సీసాలకు మందు కలిపి వందల చోట్ల చుక్కచుక్కగా ఎక్కించారు. కొత్త ఊడలను గొట్టాల్లోంచి నేలకు దింపారు. మేం కంచె ఇవతలి నుంచే చూశాం. తమ్ముడికి ఈ యాత్ర మొత్తంలో నచ్చింది ఇదొక్కటే. చెట్టుకు సెలైన్ ఎక్కించిన డాక్టర్ ఎవరని బయట ఛాయ్ బండి ఆయన్ని పావుగంట ప్రశ్నలడిగాడు.

నాలుగింటికి పెద్దమ్మ వాళ్ల ఊరు. తొలిరోజు ఎంగిలిపూల బతుకమ్మను ముందే కోసి పెట్టుకున్న పూలతో పేర్చడం ఆచారం కాబట్టి తండా గునుగుకు వంక పెట్టేవాళ్లు లేరు. సిబ్బిలో గుమ్మడాకు పరిచి, వరసగా తంగేడు, గునుగు, మళ్లీ తంగేడు. పెద్దమ్మ కోడలు రంగు పొట్లాలు విప్పింది, గునుగు కొసలు ఆకుపచ్చా నీలం చేద్దామని. చిన్నమ్మ ఆ గులాబీ కొస ఉండగా రంగెందుకని అడ్డం పడింది. ఇద్దరిదీ పంతమే. చివరికి కింది వరసలకు రంగు, పై వరసలకు చేనులో ఉన్న తీరున అని పెద్దమ్మ తీర్పు చెప్పింది. కోతి విసిరేసిన తంగేడు కొమ్మలు కూడా, పూలు రాలిపోయినా, అడుగున పడ్డాయి.

వాకిట్లో ఆడి చెరువుకు పోయాం. ఊరి చుట్టూ పత్తే. చెరువు కట్ట వెనక వైపు మాత్రం గునుగు ఉంది, అదీ కొద్దిగా. తెల్లారి ఆడేవాళ్లు ఎక్కడి నుంచి తెస్తారంటే, జడ్చర్ల మార్కెట్ నుంచని కోడలు చెప్పింది.

సెప్టెంబరు 22, బాలానగర్

తిరుగు దారిలో బాలానగర్ దగ్గర సీతాఫలాల బుట్టలు. చిన్న బుట్ట రెండు వందలన్నారు, నూట అరవైకి ఇచ్చారు. పైన పెద్దవి, కింద గోలీకాయలు. అది బాలానగర్ మర్యాద, తెలిసే కొన్నాం.

కారులో తదుపరి లెక్క మొదలైంది. మోదుగ, కొండగోగు చూడాలంటే ఫిబ్రవరి చివర, ఆకులన్నీ రాలాక నల్లమలకు రావాలి. ఇప్పపూలకు ఎండ ముదరాలి, రేల పూతకు మే. ఫిబ్రవరికి నేను సెలవు చూసుకుంటానన్నాను. చిన్నమ్మ లెక్క వేరు. పెద్దామెకు మాట ఇచ్చిందట, తొలకరికి తండాకు వస్తానని, గునుగాకు లేతగా ఉన్నప్పుడు. పప్పు తనే పట్టుకుపోతుందట.